వరంగల్ నుంచి అండమాన్‌కు: దంపతులు స్కూబా డైవింగ్‌కు ఎలా సిద్ధం కావాలి

అండమాన్ వెళ్లి సముద్రం లోపల చేపల మధ్య ఫోటో దిగి రావాలనుకునే దంపతులు హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నారు. విమానం టికెట్లు, హోటల్ గది, కొత్త బట్టల గురించి నెలల ముందే ఆలోచించే ఈ దంపతులు స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండర్ వీపున కట్టుకుని నీళ్ల లోపలికి దిగే సంగతిని మాత్రం అక్కడికి వెళ్లాక చూసుకుందామని వదిలేస్తారు. ఈ ప్రయాణంలో అసలైన పనులు డాక్టరును కలవడం, ఈత నేర్చుకోవడం, తేదీలు లెక్క చూసుకోవడం. ఈ మూడూ ఇంటి దగ్గరే పూర్తి కావలసినవి. వీటన్నింటికీ ముందు తేల్చుకోవలసిన మాట ఒకటుంది. ఇద్దరిలో ఎవరికి భయం ఎక్కువో, ఎవరికి ఈత తక్కువో, వారి వీలును బట్టే మొత్తం కార్యక్రమం రూపొందాలి. ఉత్సాహం ఎక్కువగా ఉన్నవారు రెండో వారిని బతిమాలి, బలవంతపెట్టి నీళ్లలోకి దింపితే అది ఇద్దరికీ ప్రమాదమే.

ఈ నిర్ణయం భార్యాభర్తలు ఎవరికి వారు విడిగా తీసుకోవలసినది. మన ఇళ్లలో యాత్ర అంటే ఒకరు అన్నీ మాట్లాడి పెట్టడం, రెండో వారు వెంట నడవడం అలవాటు. డైవింగ్‌కు ఆ పద్ధతి పనికిరాదు. ఆరోగ్య పత్రం మీద ఎవరి సంతకం వారిదే, నీళ్లలోకి దిగాక ఊపిరి కూడా ఎవరిది వారిదే. పడవ ఎక్కిన తర్వాత అయినా, నడుము లోతు నీళ్లలో నిలబడిన తర్వాత అయినా వద్దనిపిస్తే మానుకునే హక్కు ఇద్దరికీ ఉందని, మానుకున్నవారిని ఎత్తిపొడవకూడదని, కట్టిన డబ్బు పోయిందని సణగకూడదని ఇంట్లోనే ఒప్పందం చేసుకోవాలి.

డాక్టరు దగ్గర మొదలు

ఏ డైవ్ సెంటర్‌కు వెళ్లినా మొదట చేతికిచ్చేది ఆరోగ్య ప్రశ్నావళి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, ఊపిరితిత్తుల జబ్బులు, చెవి శస్త్రచికిత్స, మందులు వాడుతున్న రక్తపోటు లేదా మధుమేహం వంటి వాటి గురించి అందులో అడుగుతారు. ఒక్క ప్రశ్నకైనా ‘అవును’ అని రాస్తే డాక్టరు సంతకం లేనిదే చాలా సెంటర్లు నీళ్లలోకి దింపవు. ఆ సంతకం కోసం ద్వీపంలో వెతుక్కోవడం కంటే ప్రయాణానికి నెల ముందే మీ కుటుంబ డాక్టరుకు, చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించుకోవడం మేలు. కర్ణభేరికి రంధ్రం ఉన్నా, ఎప్పుడూ ముక్కు దిబ్బడగా ఉన్నా అక్కడే తేలిపోతుంది. సెలవు వృథా అవుతుందన్న భయంతో కొందరు అన్నింటికీ ‘కాదు’ అని గీత పెట్టేస్తారు. ఇది తెలిసి తెలిసి చేసే తప్పు. నీళ్ల లోపల ఉబ్బసం తిరగబెడితే సంతకం కాపాడదు.

కొత్తగా పెళ్లయిన వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి గర్భం గురించి. గర్భిణులు డైవింగ్ చేయకూడదు. పీడనం మారినప్పుడు ఏర్పడే గాలి బుడగలు కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు గనుక శిక్షణ సంస్థలు దీన్ని వద్దంటాయి. నెల తప్పిన అనుమానం ఉన్నా ముందు పరీక్ష చేయించుకోవాలి. నెలసరి మాత్రం డైవింగ్‌కు అడ్డం కాదు.

జలుబు చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, డైవింగ్ ఆగిపోవడానికి సాధారణంగా అదే కారణం అవుతుంది. ముక్కు మూసుకుపోయి ఉంటే చెవిలోని పీడనాన్ని సరిచేసుకోలేము. మాత్ర వేసుకుని దిగితే దాని ప్రభావం నీళ్ల లోపలే తగ్గిపోయి, పైకి వచ్చేటప్పుడు చెవిలో, నుదుటి ఎముకల్లో గాలి చిక్కుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే ద్వీపంలో డైవింగ్‌కు ఒక్క రోజే కేటాయించుకోకుండా, జలుబు చేసినా వాయిదా వేసుకునే వీలుండేలా రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోవాలి.

బావి ఈత, సముద్రపు ఊపిరి

మన పల్లెల్లో పుట్టిన మగవారిలో చాలామంది వ్యవసాయ బావుల్లో దుంకి ఈత నేర్చుకున్నవారే. ఆ ఊళ్లలోనే పుట్టిన ఆడవారిలో చాలామందికి ఆ అవకాశం రాలేదు. దీన్ని బట్టి భర్తకు ఈత వచ్చు గనుక భయం లేదని, భార్యకు రాదు గనుక కష్టమని అనుకోవడం సహజం. వాస్తవం కొంత తిరగబడి ఉంటుంది. బావిలో దుంకేవారికి వచ్చే మొదటి అలవాటు ఊపిరి బిగబట్టడం. స్కూబా డైవింగ్‌లో చేయకూడని మొట్టమొదటి పని అదే. ఈత రాని మనిషి ఇన్‌స్ట్రక్టర్ చెప్పినట్లు నెమ్మదిగా నోటితో గాలి పీలుస్తూ వదులుతూ ఉంటే, బావి ఈతగాడు తనకు తెలియకుండానే ఊపిరి బిగించి నిలబడటం శిక్షకులు తరచూ చూసేదే.

ఊపిరి ఎందుకు బిగబట్టకూడదో తెలుసుకుంటే నియమం మనసులో నాటుకుంటుంది. నీటిలో ప్రతి 10 మీటర్లకు పీడనం ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. అంటే 10 మీటర్ల లోతులో పైనున్న దానికి రెట్టింపు పీడనం ఉంటుంది. ఆ లోతులో సిలిండర్ నుంచి ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు కావాలని చూస్తుంది. దాన్ని వదలకుండా బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల గోడలు చిరగవచ్చు. మీటరున్నర లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు కూడా ఈ ప్రమాదం ఉంది కాబట్టి, లోతు తక్కువ ఉన్న చోట ఏమీ కాదని అనుకోవడానికి వీలు లేదు.

మొదటిసారి చేసే పరిచయ డైవ్‌కు ఈత తప్పనిసరి కాదు. ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తీసుకెళ్తారు. అయినప్పటికీ ప్రయాణానికి ముందు రెండు మూడు వారాలు ఏదైనా ఈత కొలనుకు ఇద్దరూ కలిసి వెళ్లడం మంచిది. అక్కడ పొడవుగా ఈదడం కంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. ముఖాన్ని నీళ్లలో ఉంచి స్నార్కెల్ గొట్టంతో పది నిమిషాలు ప్రశాంతంగా ఊపిరి తీయడం, ముక్కుతో కాకుండా నోటితోనే గాలి పీల్చడం, కళ్లను, ముక్కును కప్పే మాస్క్‌లోకి కొన్ని నీళ్లు రానిచ్చి తల కొంచెం పైకెత్తి ముక్కుతో గాలి వదిలి వాటిని బయటకు పంపడం అలవాటు కావాలి. ఈ చివరి పని ఒక్కటి ఒంటపడితే సగం భయం పోతుంది.

పరిచయ డైవ్‌తో ఆగాలా, పూర్తి శిక్షణ తీసుకోవాలా అన్నది సెలవుల మీద ఆధారపడి ఉంటుంది. పరిచయ డైవ్‌లో గరిష్ఠ లోతు 12 మీటర్లు, అంటే మన బావుల లెక్కలో సుమారు 13 గజాలు. ఆచరణలో కొత్తవారిని అంతకంటే చాలా తక్కువ లోతులోనే ఉంచుతారు. ‘ఓపెన్ వాటర్’ శిక్షణకు మూడు నాలుగు రోజులు పడుతుంది. నాలుగు సముద్రపు డైవ్‌లు ఉంటాయి. ఆపకుండా 200 మీటర్లు ఈదడం, 10 నిమిషాలు నీటిపై తేలడం వచ్చి ఉండాలి. ఇది పూర్తి చేసినవారు 18 మీటర్ల వరకు మరో డైవర్‌తో కలిసి వెళ్లవచ్చు. దీని పాఠాలను ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు కాబట్టి, సెలవు రోజులను తరగతి గదిలో గడపనవసరం లేదు. ఇద్దరికీ ఆసక్తి ఉండి వారం సెలవు దొరికితే శిక్షణే నా సలహా. ఒకరికే ఆసక్తి ఉంటే ఈసారికి ఇద్దరూ పరిచయ డైవ్ చేసి రావడం ఇంట్లో శాంతికి మంచిది.

ఎప్పుడు, ఎలా

అండమాన్ సముద్రం నవంబర్ చివరి నుంచి మే మొదటి వారాల వరకు డైవింగ్‌కు అనువుగా ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు నీళ్లు మరింత నిలకడగా, తేటగా ఉంటాయి. మాఘ, ఫాల్గుణ మాసాల్లో పెళ్లయిన జంటలకు ఇది సరిగ్గా కలిసి వస్తుంది. శ్రావణంలో పెళ్లయినవారు మాత్రం నైరుతి రుతుపవనాల సముద్రం మీదికి తొందరపడకుండా చలికాలం దాకా ఆగడం మేలు. ఆ నెలల్లో గాలులకు ఫెర్రీలు రద్దవుతాయి, నీళ్లు కలక బారుతాయి. తేదీలు చూసేటప్పుడు గోడ మీది తెలుగు క్యాలెండర్ కూడా ఉపయోగపడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ సముద్రపు ఆటుపోట్లు తీవ్రంగా ఉండి నీటి ప్రవాహాలు బలంగా ఉంటాయి. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు అవి బాగా తగ్గుతాయి. కొత్తవారికి ఆ రోజులే సుఖం. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే మాఘమాసంలో వరంగల్ చుట్టూ రోడ్లు, రైళ్లు కిటకిటలాడతాయి గనుక, జాతర ఉన్న ఏడాదైతే ఆ వారాన్ని తప్పించాలి.

విమానం హైదరాబాద్ నుంచి ఎక్కాలనుకునేవారు హన్మకొండ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కితే నగరంలోకి వెళ్లకుండానే శంషాబాద్ చేరవచ్చు. చెన్నై మీదుగా వెళ్లాలనుకుంటే వరంగల్ స్టేషన్ ఢిల్లీ-చెన్నై ప్రధాన మార్గం మీదే ఉంది. దిగవలసిన ఊరిని పోర్ట్ బ్లెయిర్ అనే అందరూ అంటారు గాని 2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మారింది. డైవింగ్‌కు ప్రసిద్ధమైన హేవ్‌లాక్ ద్వీపానికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని, దాని పక్కనున్న నీల్ ద్వీపానికి షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. టికెట్లలో రెండు రకాల పేర్లూ కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు ప్రైవేటు ఫెర్రీలో సుమారు గంటన్నర నుంచి రెండు గంటల ప్రయాణం. టికెట్లు ముందే తీసుకోవాలి, ఇద్దరి గుర్తింపు కార్డులూ దగ్గర ఉండాలి. అండమాన్‌లో తెలుగు మాట్లాడేవారు చాలామందే ఉన్నారు కాబట్టి భాష గురించి బెంగ అక్కర్లేదు.

రోజుల కూర్పులో మాత్రం చాలా ప్యాకేజీలు చేసే పనికి విరుద్ధంగా నడవాలి. డైవింగ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒకే ఒక డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేసినా, వరుసగా కొన్ని రోజులు చేసినా కనీసం 18 గంటలు ఆగాలన్నది ప్రపంచమంతటా పాటించే నియమం. పూర్తిగా 24 గంటలు ఆగడం మరింత క్షేమం. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది. అది మెల్లగా బయటకు పోవడానికి సమయం ఇవ్వకుండా పీడనం తక్కువగా ఉండే విమానం క్యాబిన్‌లో కూర్చుంటే అది బుడగలుగా మారి కీళ్లకు, నరాలకు హాని చేస్తుంది. అందుచేత విమానం దిగిన రోజు సాయంత్రం సెల్యులార్ జైలు చూసి చివరి రోజు డైవింగ్ పెట్టుకునే పద్ధతిని తిరగేసి, ముందు స్వరాజ్ ద్వీప్ చేరి డైవింగ్ ముగించుకుని, 1906లో పూర్తయిన ఆ జైలును, సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టిన రాస్ ద్వీపాన్ని తిరుగు ప్రయాణానికి ముందు రోజుకు ఉంచుకోవాలి. ఫెర్రీ రద్దయినా విమానం తప్పిపోకుండా ఈ అమరిక కాపాడుతుంది.

డైవ్ సెంటర్‌లో అడగవలసినవి

తక్కువ ధర చెప్పిన చోటికి పరుగెత్తకుండా కొన్ని ప్రశ్నలు అడగాలి. ఇన్‌స్ట్రక్టర్‌కు పాడీ లేదా ఎస్‌ఎస్‌ఐ వంటి డైవింగ్ శిక్షణ సంస్థల గుర్తింపు ఉందా, పరిచయ డైవ్‌లో ఒక్కొక్కరికి ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను ఇస్తారా, పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, ప్రమాదం జరిగితే పీడన చికిత్స గది ఉన్న ఆసుపత్రికి ఎలా చేరుస్తారు అన్నవి వాటిలో ముఖ్యం. దంపతులిద్దరికీ కలిపి ఒకే ఇన్‌స్ట్రక్టర్ చాలంటే ఒప్పుకోకండి. ఒకరికి చెవి నొప్పి వచ్చి పైకి రావలసి వస్తే రెండో వారి డైవ్ కూడా అక్కడే ముగుస్తుంది. ఆరోగ్య ప్రశ్నావళి ఇవ్వకుండా, లోతు తక్కువ నీళ్లలో సాధన చేయించకుండా నేరుగా పడవ ఎక్కించే చోటు ఎంత చవకైనా వెనక్కి తిరిగి రావలసినదే. మామూలు ప్రయాణ బీమాలో డైవింగ్ ఉండకపోవచ్చు, పత్రం ఒకసారి చదవాలి.

ముందు రోజు రాత్రి మద్యం ముట్టకూడదు. ఉదయం ఇడ్లీ వంటి తేలిక తిండి తిని, నీళ్లు బాగా తాగాలి. ఖాళీ కడుపుతో వెళ్తే పడవలో కడుపు మరింత తిప్పుతుంది. అండమాన్‌లో మన దగ్గర కంటే ముందే తెల్లవారుతుంది గనుక డైవింగ్ పడవలు కూడా పెందలాడే బయలుదేరతాయి.

ఒంటి మీది నగల గురించి మొహమాటపడకుండా మాట్లాడుకోవాలి. ఉంగరాలు నీళ్లలో వేలు నుంచి జారిపోతాయి, గాజులు పగిలి చేతికి గీసుకుంటాయి, మెట్టెలు కాళ్లకు తొడిగే ఫిన్ లోపల ఒత్తుకుంటాయి. వీటిని గదిలో భద్రపరచడం మంచిది. పుస్తెలతాడు తీయడానికి ఇష్టపడనివారు దాన్ని వెట్‌సూట్ (ఒంటికి అతుక్కుని ఉండే డైవింగ్ దుస్తులు) లోపలికి నెట్టి జిప్ వేసుకోవచ్చు. పైకి వేలాడకుండా ఉంటే చాలు. పొడవాటి జుట్టును గట్టిగా జడ వేసుకోవాలి. ఒక్క వెంట్రుక పాయ మాస్క్ అంచు కింద ఇరుక్కున్నా నీళ్లు కారుతూనే ఉంటాయి. మగవారి గుబురు మీసం కూడా ఇదే పని చేస్తుంది, పై పెదవి మీద కొంచెం వాజిలిన్ రాసుకుంటే కారడం తగ్గుతుంది. కళ్లద్దాలు వాడేవారు పవర్ ఉన్న మాస్క్ కోసం ముందే చెప్పి పెట్టాలి.

నీళ్లలోకి దిగాక

చాలామంది అనుకుంటున్నట్లు వీపున మోసేది ఆక్సిజన్ సిలిండర్ కాదు. అందులో ఉండేది మనం రోజూ పీల్చే గాలే, సుమారు 200 బార్ల (ఒక బార్ దాదాపు ఒక వాతావరణ పీడనం) పీడనంతో కుక్కి నింపుతారు. రెగ్యులేటర్ దాన్ని చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపోయేలా తగ్గించి నోటికి అందిస్తుంది. దిగుతున్నప్పుడు మొదట పలకరించేవి చెవులు. ముక్కును వేళ్లతో మూసి మెల్లగా లోపల గాలి ఊదితే చెవిలో ‘టప్’మని తెరుచుకుంటుంది. నొప్పి మొదలయ్యాక కాదు, దిగడం మొదలుపెట్టిన క్షణం నుంచే, ప్రతి అర మీటరుకో మీటరుకో ఇలా చేస్తూ ఉండాలి. మొదటి 10 మీటర్లలోనే పీడనం రెట్టింపవుతుంది కాబట్టి చెవికి శ్రమంతా అక్కడే. ఎంత ఊదినా తెరుచుకోకపోతే బలం పెట్టకుండా చెవి వైపు వేలు చూపించాలి. ఇన్‌స్ట్రక్టర్ కొంచెం పైకి తీసుకెళ్లి మళ్లీ ప్రయత్నించమంటారు.

సైగల్లో మనవారు తరచూ తడబడేది బొటనవేలు దగ్గర. ఒడ్డున బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని అర్థం. నీళ్లలో దాని అర్థం ‘పైకి వెళ్దాం’. బాగుందని చెప్పడానికి బొటనవేలిని చూపుడువేలితో కలిపి సున్నా చుట్టాలి. ఫోటో తీస్తున్న కెమెరా వైపు సంతోషంగా బొటనవేలు ఎత్తి, డైవ్ మధ్యలోనే పైకి చేరినవారు కొత్తవారిలో తక్కువేమీ కాదు. అరచేతిని కిందికి పెట్టి అటూ ఇటూ ఊపితే ఏదో ఇబ్బంది ఉందని అర్థం. ఈ మూడు సైగలను ఇంటి దగ్గరే దంపతులిద్దరూ ఒకరికొకరు చూపించుకుని అలవాటు చేసుకోవాలి. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లు వేగంగా ప్రయాణిస్తుంది, అందువల్ల ఏ వైపు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. పిలిచి ప్రయోజనం లేదు, చూపు మాత్రమే కలుపుతుంది.

శిక్షణ పొందిన దంపతులు జంట డైవర్లుగా వెళ్లేటప్పుడు దిగే ముందు ఒకరి పరికరాలను మరొకరు తనిఖీ చేయాలి. నీళ్లలో తేలడానికి వేసుకునే గాలి జాకెట్ నిండుతోందా, బరువుల బెల్టు బిగిసి ఉందా, సిలిండర్ కవాటం పూర్తిగా తెరిచి ఉందా అన్నది ప్రతిసారీ చూడాలి. నిన్నే చూశాం కదా అనే చనువు దంపతుల మధ్య ఎక్కువ, అందుకే ఈ మాట ఒత్తి చెప్పవలసి వస్తోంది. సిలిండర్‌లో 50 బార్లు మిగిలి ఉండగానే పైకి చేరాలి. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు మించకూడదు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఇద్దరిలో ఎవరి గాలి ముందు తగ్గితే డైవ్ అప్పటికి ముగిసినట్లే.

స్వరాజ్ ద్వీప్‌లోని నెమో రీఫ్ వంటి ఒడ్డు దగ్గరి చోట్ల సముద్రపు పూల మధ్య క్లౌన్ చేపలు, చిలక చేపలు కనిపిస్తాయి. మాస్క్‌లో నుంచి చూస్తే అన్నీ మూడో వంతు పెద్దగా, ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి చేయి చాపాలనిపిస్తుంది, చాపకూడదు. లయన్ ఫిష్ ముళ్లలో, రాయిలా కదలకుండా పడి ఉండే రాతి చేపలో విషం ఉంటుంది. పగడం రాయి కాదు, ఎన్నో ఏళ్లుగా పెరిగిన జీవుల సమూహం. ఒక్క ఫిన్ తగిలినా విరుగుతుంది. రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఒడ్డున దొరికిన చచ్చిన పగడపు ముక్కనైనా ఇంటికి తెచ్చుకోకండి, విమానాశ్రయంలో తనిఖీ జరుగుతుంది. నీళ్లు ఎరుపు రంగును మొదట మింగేస్తాయి, కుంకుమ బొట్టు సైతం కాస్త లోతుకు వెళ్లేసరికి నల్లగా కనిపిస్తుంది. ఫోటోలన్నీ నీలంగా వచ్చాయని కెమెరా అతన్ని తప్పు పట్టనవసరం లేదు, మంచి లైటు ఉన్న కెమెరా అడిగితే సరిపోతుంది.

ఇద్దరిలో ఒకరు దిగకూడదని తేలితే, అదే ద్వీపంలోని ఎలిఫెంట్ బీచ్ దగ్గర లైఫ్ జాకెట్ వేసుకుని స్నార్కెలింగ్ చేస్తే పైనుంచే పగడాలను చూడవచ్చు.

డైవింగ్ చేసిన తర్వాత ఒక రోజు వరకు బరువైన వ్యాయామం, మద్యం మానుకోవాలి. ఒంట్లో నైట్రోజన్ బుడగలు ఏర్పడితే వచ్చే కీళ్ల నొప్పి, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం, విపరీతమైన అలసట, తల తిరగడం, చర్మం మీద మచ్చలు వంటివి సాధారణంగా 24 గంటల లోపలే బయటపడతాయి. ప్రయాణ బడలిక అనుకుని పడుకోకుండా వెంటనే డైవ్ సెంటర్‌కు చెప్పి ఆక్సిజన్ పెట్టించుకోవాలి. అప్పటికే వరంగల్ చేరిపోయి ఉంటే, ఆసుపత్రిలో ఏ నొప్పి గురించి చెప్పినా ముందుగా డైవింగ్ చేసి వచ్చామని, ఎప్పుడు, ఎంత లోతు, ఎన్నిసార్లు దిగామో చెప్పాలి. సముద్రానికి దూరంగా ఉండే మన ఊళ్లలో డాక్టరుకు ఆ ఆలోచన తనంతట తానుగా తట్టకపోవచ్చు. ఈ వివరాలను ప్రతి డైవ్ తర్వాత ఒక కాగితం మీద రాసి ఇద్దరి పర్సుల్లోనూ పెట్టుకోండి.